పాత వ్యాను వెనక ఇరుసు: బేరింగు, సీలు మార్చే పని

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, కవితలు నాకు రావు, తెలిసిన పని గురించి రాస్తానన్నాను. సరే అన్నారు. మన హాస్టల్లో చదివినవాళ్ళలో టీచర్లు, కానిస్టేబుళ్ళు ఎంతమంది ఉన్నారో, వ్యాన్లు నడిపేవాళ్ళూ, షెడ్లలో పని చేసేవాళ్ళూ అంతమంది ఉన్నారు. వాళ్ళ గురించి ఇలాంటి సంచికల్లో ఎవరూ పెద్దగా రాయరు. నేను మోటారు మెకానిక్ ట్రేడు చేసి ఆ పనిలోనే స్థిరపడ్డవాణ్ణి కనుక ఈ వ్యాసం ఒక పని గురించే.

నేను ఉదాహరణగా తీసుకున్నది మారుతి వ్యాను. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి, 1988 నుంచి ఓమ్నీ అయింది. 796 సి.సి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, తిరిగేవి మాత్రం వెనక చక్రాలు. 2019లో దీని తయారీ ఆపేశారు. కాబట్టి రోడ్డు మీద ఉన్న ప్రతి ఓమ్నీ ఇప్పుడు పాత బండే. అయినా వీటిలో పాల క్యాన్లు వెళ్తున్నాయి, కూరగాయలు వెళ్తున్నాయి, బడి పిల్లలూ వెళ్తున్నారు. అందుకే దీని వెనక ఇరుసు సంగతి తెలుసుకోవలసి ఉంది.

ఎద్దుల బండి నుంచి మొదలుపెడదాం

ఎద్దుల బండికి ఇరుసు తిరగదు, చక్రం తిరుగుతుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర కడశీల ఉంటుంది. రాపిడి తగ్గడానికి కందెన వేస్తారు. ఇక్కడ ఒక తలం మీద ఇంకో తలం జారుతోంది. సైన్సు పుస్తకంలో జారుడు ఘర్షణ, దొర్లుడు ఘర్షణ అని చదువుకున్నారు కదా. రెండు తలాల మధ్య గుండ్రని గుండ్లు పెడితే జారడం పోయి దొర్లడం వస్తుంది, ఘర్షణ బాగా తగ్గుతుంది. బాల్ బేరింగు అంటే అంతే. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో గుండ్లు, ఆ గుండ్లు ఒకదానికొకటి తగలకుండా ఒక పంజరం.

వ్యానులో తేడా ఏమిటంటే చక్రంతోపాటు ఇరుసు కూడా తిరుగుతుంది. తిరిగే ఆ కడ్డీని యాక్సిల్ షాఫ్టు అంటాం. అది హౌసింగ్ అనే గొట్టంలో ఉంటుంది. లోపలి చివర పళ్ళు ఉండి డిఫరెన్షియల్లో కూర్చుంటాయి. బయటి చివర రేకులా వెడల్పైన ఫ్లాంజి ఉండి, దానికే బ్రేకు డ్రమ్మూ చక్రమూ బిగుస్తాయి. షాఫ్టు బయటి చివరకు దగ్గరలో బేరింగు ఎక్కించి ఉంటుంది. దాని పక్కనే ఒక ఉక్కు రింగు. షెడ్లలో దాన్ని కాలర్ అంటారు.

ఆ కాలర్‌కు మర లేదు, పిన్ను లేదు. షాఫ్టు మందం కన్నా దాని రంధ్రం వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుంది. దాన్ని ప్రెస్ మీద బలవంతంగా ఎక్కిస్తారు, ఆ బిగుతుతోనే అది కూర్చుంటుంది. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎక్కించి నీళ్ళు పోస్తే ఎలా పట్టేస్తుందో ఇదీ అలాంటి పట్టే. బేరింగును షాఫ్టు మీద కదలకుండా ఉంచేది ఆ కాలర్. బేరింగు బయటి రింగును హౌసింగ్‌కు పట్టి ఉంచేది నాలుగు నట్లతో బిగించిన బ్రేకు ప్లేటు. అంటే వ్యానుకు కడశీల ఆ కాలరే. అది సడలితే చక్రం ఒక్కటే ఊడదు, షాఫ్టుతో సహా పక్కకు జారి బయటికి వస్తుంది. డ్రమ్ము కూడా దానితోపాటే వెళ్తుంది కాబట్టి ఆ చక్రానికి బ్రేకు ఉండదు, సిలిండరు బయటపడితే బ్రేకు ఆయిలూ పోతుంది. లోపల పదిమంది పిల్లలుంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

లారీలకు ఈ భయం లేదు. లారీ వెనక చక్రం మధ్యలో గుండ్రంగా వరసగా బోల్టులు కనిపిస్తాయి, చూసే ఉంటారు. అక్కడ బరువు మోసేది హబ్బు, దాని బేరింగులు. షాఫ్టు పని తిప్పడం మాత్రమే. చక్రాలు నేల మీద ఉండగానే ఆ బోల్టులు విప్పి షాఫ్టు బయటికి లాగేయవచ్చు. చిన్న వ్యానులో మోసేదీ షాఫ్టే, తిప్పేదీ షాఫ్టే.

చప్పుడు చెప్పే సంగతి

బేరింగు పాడయ్యేటప్పుడు ముందుగా చెవికి తెలుస్తుంది. వెనక నుంచి "గూఁ" మని ఒక మూలుగు మొదలై, వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది. అయితే టైరు అరిగినా అలాంటి చప్పుడే వస్తుంది, డిఫరెన్షియల్ అరిగినా వస్తుంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే చప్పుడు తీరు మారిపోతే అది టైరు. యాక్సిలరేటరు తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా ఉంటే అది డిఫరెన్షియల్. తొక్కినా వదిలినా అలాగే ఉండి, బండి మలుపు తిరిగేటప్పుడు పెరగడమో తగ్గడమో జరిగితే బేరింగును అనుమానించాలి. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే ఎడమ బేరింగు అని సాధారణంగా అనుకోవచ్చు.

అనుకోవడంతో ఆగకుండా బండి పైకి లేపి చూడాలి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆట తెలియకూడదు. తర్వాత ఒక చెయ్యి కమాను కట్ట మీద పెట్టి రెండో చేత్తో చక్రం తిప్పాలి. చెవికి అందని గరగర కూడా కమాను ద్వారా వేళ్ళకు తెలుస్తుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. డ్రైవర్లయిన మిత్రులు ఏ షెడ్డుకూ పోకుండా మీరే చేసుకోవచ్చు.

సీలు పోతే కనిపించేది తడి. చక్రం లోపలి వైపు, బ్రేకు ప్లేటు కింది అంచు దగ్గర నల్లగా జిడ్డు కారి దుమ్ము పట్టి ఉంటుంది. అది గేరు ఆయిలా, బ్రేకు ఆయిలా అన్నది తేల్చుకోవాలి. గేరు ఆయిలు చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వేస్తుంది. బ్రేకు ఆయిలు పలచన, రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. మొదటిదైతే సీలు, రెండోదైతే వీల్ సిలిండరు. రెంటిలో ఏది కారినా బ్రేకు లైనరు తడుస్తుంది. తడిసిన వైపు చక్రం పట్టదు, రెండో వైపు పడుతుంది. వాన రోడ్డు మీద బ్రేకు కొడితే బండి అడ్డం తిరగడానికి ఇది చాలు.

సీలు కన్నా ముందు చూడవలసింది

ఇక్కడ ఒక బండి సంగతి చెప్పాలి. ఒక ప్రైవేటు బడి వ్యాను. ఆరునెలల్లో ఒకే వైపు సీలు మూడుసార్లు మార్చారు, మూడుసార్లూ కారింది. ఓనరు సీలు నకిలీదని కొట్టువాడితో గొడవ పడ్డాడు. నిజానికి సీలు మంచిదే. ఇరుసు హౌసింగ్ మీద బ్రీదరు అని చిన్న మూత ఉంటుంది. బండి పరుగెత్తి లోపలి ఆయిలు వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, ఆ గాలి బయటికి పోవడానికే ఈ దారి. ఆ బండి బ్రీదరు మట్టితో పూడిపోయి ఉంది. గాలికి దారి లేక లోపల ఒత్తిడి పెరిగి, ఆయిలును సీలు పెదవి కింద నుంచి తోసేస్తోంది. బ్రీదరు విప్పి పెట్రోలుతో కడిగి ఊదితే సరిపోయింది. ఆయిలు హద్దు మించి పోసినా ఇలాగే కారుతుంది. కాబట్టి సీలు కారుతోందని బండి వస్తే ముందు బ్రీదరు, తర్వాత ఆయిలు మట్టం, ఆ తర్వాతే సీలు. ఈ వరస ఐటిఐ తమ్ముళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

పని మొదలు

గట్టి సమతలం మీద బండి పెట్టాలి. హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ములనే పడుతుంది కనుక దాన్ని వదిలెయ్యాలి, లేకపోతే డ్రమ్ము రాదు. అందువల్ల ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు తప్పనిసరి. వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలి. జాకీ లేపాక హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. ఇటుకలు పేర్చి దాని మీద బండి దింపడం నేను చాలాచోట్ల చూశాను. ఇటుక పగిలేటప్పుడు ముందు చెప్పి పగలదు. విప్పిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టి ఉంచండి, అదొక అదనపు రక్ష.

ఆయిలు దించేముందు పైనున్న పోసే బిరడా విప్పి చూసుకోవాలి. కిందిది విప్పి ఆయిలంతా దించేశాక పైది తుప్పు పట్టి రాకపోతే, బండి షెడ్డులోనే నిలబడిపోతుంది. పైది వచ్చాకే కిందిది విప్పాలి.

డ్రమ్ము చేతికి రాకపోతే సుత్తితో అంచు మీద కొట్టి విరగ్గొట్టవద్దు. డ్రమ్ము ముఖం మీద మర ఉన్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులు రెండు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తే డ్రమ్ము తనంతట తానే ముందుకు వస్తుంది. లోపలి దుమ్మును నోటితో ఊదకండి, గాలి గొట్టంతోనూ కొట్టకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిగుడ్డతో తుడిచి పారెయ్యాలి.

బ్రేకు షూలు, హ్యాండ్ బ్రేకు కేబులు, సిలిండరుకు వచ్చే బ్రేకు పైపు విప్పుకోవాలి. పైపు నోటికి రబ్బరు మూత పెట్టాలి. తర్వాత బ్రేకు ప్లేటు నాలుగు నట్లు. ఇప్పుడు షాఫ్టు బయటికి లాగాలి. దీనికి జారే సుత్తి అని ఒక పనిముట్టు ఉంది. అది లేని షెడ్లలో మనవాళ్ళు డ్రమ్మునే తిరగేసి, స్టడ్లకు నట్లు చివరిదాకా పట్టించి వదులుగా ఉంచి, డ్రమ్మును రెండు చేతులతో వెనక్కి గుంజి గుంజి కొడతారు. రెండు మూడు దెబ్బలకు బేరింగు హౌసింగ్ నుంచి వదులుతుంది. మంచి ఉపాయమే. కాకపోతే నట్టు రెండు మరల మీదే వేలాడుతుంటే స్టడ్డు మర చెడుతుంది. షాఫ్టుతోపాటు బ్రేకు ప్లేటు కూడా వస్తుంది, ఎందుకంటే ఫ్లాంజికీ బేరింగుకూ మధ్యలో అది ఇరుక్కుని ఉంది. రెండు వైపులా పని ఉంటే ఎడమ షాఫ్టుకు, కుడి షాఫ్టుకు గుర్తు పెట్టుకోవాలి.

కాలర్ తీయడం

అసలు నేర్పు ఇక్కడ కావాలి. కొందరు గ్యాస్ మంట పెట్టి కాలర్‌ను ఎర్రగా కాల్చి లాగేస్తారు. త్వరగా వస్తుంది, నిజమే. కాని ఆ వేడి షాఫ్టుకూ పాకుతుంది. షాఫ్టు ఉక్కుకు కార్ఖానాలో పెట్టిన పదును ఆ మంటతో పోతుంది. నీలం రంగు తిరిగిందంటే పదును దిగిందని అర్థం. మెత్తబడిన షాఫ్టు బరువుతో తిరిగి తిరిగి ఒకనాడు విరుగుతుంది.

సరైన పద్ధతి గ్రైండరుతో కాలర్‌ను ఎదురెదురుగా రెండు చోట్ల అరగదీయడం. మొత్తం తెగేదాకా కాదు, కాగితమంత పలచన మిగిలేదాకా. అప్పుడు ఉలి పెట్టి ఒక దెబ్బ కొడితే టప్పున చిట్లి వదులవుతుంది. గ్రైండరు షాఫ్టును తాకకూడదు. తాకితే పడే చిన్న గాటు దగ్గరే షాఫ్టుకు బీట మొదలవుతుంది. తీగను ఒకచోట వంచి వంచి విరిచినట్టే, తిరిగే షాఫ్టు ప్రతి చుట్టులోనూ ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగుతూ ఉంటుంది. గాటు ఉన్నచోట ఆ వంపు పోగవుతుంది. ఈ పనికి కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చిట్లే ముక్క ఎటు ఎగురుతుందో మనకు తెలియదు.

బేరింగును ప్రెస్ మీద గాని పుల్లరుతో గాని తీసెయ్యవచ్చు. తీసేముందు దాని ఏ ముఖం ఎటు ఉందో చూసి రాసుకోండి, కొత్తది అలాగే ఎక్కాలి. పాత బేరింగును వెంటనే పారెయ్యకుండా కడిగి చూస్తే అది చాలా చెబుతుంది. గుండ్ల దారిలో పొలుసులు లేచి ఉంటే వయసు అయిపోయింది. గోధుమరంగు మరకలుంటే నీళ్ళు వెళ్ళాయి. వాగులు దాటే బండ్లలో ఇది మామూలే. నీలం రంగు తిరిగి ఉంటే గ్రీజు లేక కాలింది.

షాఫ్టు మీద సీలు పెదవి ఆనేచోటు గోరుతో గీసి చూడాలి. గోరుకు గాడి తగిలితే కొత్త సీలు వేసినా కారుతుంది. షాఫ్టు వంగిందన్న అనుమానం ఉంటే లేత్ మిషను సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజితో చూడమనాలి.

కొట్టులో అడగవలసిన నంబర్లు

బేరింగు అంచు మీద చెక్కిన అంకెలు చదవడం వస్తే కొట్టువాడు ఏది ఇస్తే అది తెచ్చుకోనక్కరలేదు. మామూలు బాల్ బేరింగు నంబరులో చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం మి.మీ.లలో వస్తుంది. ఉదాహరణకు 6206 అంటే 06 × 5 = 30 మి.మీ. (దాని బయటి వ్యాసం 62, వెడల్పు 16). ఈ లెక్క 04 నుంచి పనిచేస్తుంది. అంతకు కిందివి వేరు: 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. నంబరు తర్వాత జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూతలు, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూతలు. సి3 అని ఉంటే లోపల గుండ్లకు మామూలు కన్నా కొంచెం ఎక్కువ సందు అని. మీ పాతదాని మీద ఏ నంబరు, ఏ అక్షరాలు ఉన్నాయో అవే అడగండి. ఆయిల్ సీలు మీద కొలతలు ముద్రించి ఉంటే సాధారణంగా మూడు ఉంటాయి: షాఫ్టు వ్యాసం, హౌసింగ్ రంధ్రం వ్యాసం, వెడల్పు. బేరింగుతోపాటు సీలు, కాలర్ కూడా కొత్తవే కొనాలి. ఒకసారి బిగిసి వచ్చిన కాలర్‌కు మళ్ళీ ఆ పట్టు రాదు. మిగతా వాటికన్నా చవకైనది అదే, ప్రాణం మోసేదీ అదే.

ఎక్కించడం

ముందు బ్రేకు ప్లేటును షాఫ్టు మీద వెయ్యడం మరిచిపోకూడదు, కాలర్ ఎక్కాక అది లోపలికి పోదు. తర్వాత బేరింగు, దాని తర్వాత కాలర్. రెంటినీ ఒకేసారి కాదు, వేరువేరుగా ప్రెస్ చెయ్యాలి. బేరింగును నొక్కేటప్పుడు గొట్టం లోపలి రింగు మీదే ఆనాలి. బయటి రింగు మీద నొక్కితే ఆ బలమంతా గుండ్ల గుండా లోపలికి వెళ్ళి, దారిలో గుంటలు పడతాయి. ఆ గుంటలు కంటికి కనపడవు. బండి రోడ్డెక్కగానే కొత్త బేరింగే మూలుగుతుంది. షెడ్డులో ప్రెస్ లేకపోతే లేత్ షాపుకు తీసుకుపోవాలి. సుత్తితో చుట్టూ కొడుతూ దించడం వద్దు. కాలర్ బేరింగును పూర్తిగా ఆనేదాకా దిగాలి, మధ్యలో కాగితం దూరే సందు కూడా మిగలకూడదు. దిగేటప్పుడు గట్టిగా ప్రతిఘటించాలి. చేత్తో తోస్తే దిగిపోయే కాలర్ వస్తే ఆ కాలర్‌నో షాఫ్టునో మార్చాలి గాని, చుక్క వెల్డింగు పెట్టి సరిపెట్టకూడదు.

హౌసింగ్‌లో పాత సీలు పీకేసి, ఆ చోటు శుభ్రంగా తుడిచి కొత్తది వెయ్యాలి. సీలు వెనకవైపు పెదవి చుట్టూ సన్నని స్ప్రింగు కనిపిస్తుంది. అది ఆయిలు వైపు, అంటే లోపలికి ఉండాలి. తిరగేసి వేస్తే అది ఆయిలును ఆపదు. సీలంత వెడల్పైన గొట్టం ముక్క ఆనించి నలువైపులా సమానంగా దిగేలా మెల్లగా తట్టాలి. పెదవికి కొంచెం గ్రీజు రాయాలి. పొడి పెదవి మొదటి కిలోమీటర్లలోనే కాలిపోతుంది.

షాఫ్టును తిరిగి పెట్టేటప్పుడు దాని బరువును చేతిమీద మోస్తూ తిన్నగా పంపాలి. పళ్ళు సీలు పెదవి మీద ఈడ్చుకుంటే పెదవి చిరుగుతుంది, ఇంతసేపు చేసిన పని పోతుంది. లోపలికి వెళ్ళాక కొంచెం అటూ ఇటూ తిప్పితే పళ్ళు డిఫరెన్షియల్లో కూర్చుంటాయి. ప్లేటుకూ హౌసింగ్‌కూ మధ్య పలచగా సీలెంటు రాసి, నాలుగు నట్లూ ఎదురెదురుగా, కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగుతుకు బిగించాలి.

ఆయిలు తాగిన బ్రేకు లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. లైనరు స్పంజిలాంటిది. పైన ఆరినా, వేడెక్కగానే లోపలి ఆయిలు పైకి వస్తుంది. మార్చవలసిందే. అదీ ఒక చక్రానికే కాదు, రెండు వెనక చక్రాలకూ. ఓనరుకు ఖర్చు ఎక్కువ అనిపిస్తే పాత లైనరును కొంచెం వేడి చేసి చూపించండి, మాట కన్నా అది నమ్మకంగా ఉంటుంది. బ్రేకు పైపు విప్పాం కనుక ఎయిర్ తీయడం తప్పదు. ద్రవం నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. పైపులో బుడగ ఉంటే పెడల్ తొక్కిన బలం ఆ బుడగను నొక్కడానికే పోతుంది. ఒకరు పెడల్ మూడు నాలుగుసార్లు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు సిలిండరు నిపుల్ వదులు చేసి బుడగలు పోయాక బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. పెడల్ గట్టిపడేదాకా ఇలాగే. మధ్యలో పైన డబ్బాలో ఆయిలు అయిపోకుండా చూసుకోవాలి.

డిఫరెన్షియల్లో పోసేది జిఎల్-5 రకం, 80డబ్ల్యు-90 గేరు ఆయిలు. బండి సమంగా ఉన్నప్పుడు పోసే రంధ్రం అంచు నుంచి బయటికి తొణికేదాకా పోసి, తొణకడం ఆగాక బిరడా బిగించాలి.

చక్రాలు పెట్టి, మొదట ఖాళీ బండితో మెల్లగా నాలుగైదు కిలోమీటర్లు తిప్పి రావాలి. దిగగానే రెండు వెనక డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి పోల్చి చూడాలి. ఒకటి బాగా కాలుతుంటే షూ పట్టి ఉంది లేదా బేరింగు సరిగా కూర్చోలేదు. ప్లేటు కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా ఉంచితే సీలు సంగతి తెల్లారేసరికి తెలుస్తుంది. వంద కిలోమీటర్ల లోపు వీల్ నట్లు మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి. అప్పటిదాకా పిల్లలను ఎక్కించవద్దని డ్రైవరుకు చెప్పి పంపండి.